మూత తీసిన సీసాకు కాపలా ఎవరు?

మీ ఇంట్లో రిఫ్రిజిరేటరు ఉంటే ఒకసారి దాని తలుపు తెరిచి, తలుపుకి ఉన్న అరల్లో ఏమేమి ఉన్నాయో చూడండి. సగం వాడిన టొమాటో సాస్ సీసా ఉంటుంది. దాని పక్కన సోయా సాస్, ఎప్పుడో ఎవరి పుట్టినరోజుకో కొన్న జామ్, అల్లంవెల్లుల్లి ముద్ద డబ్బా, మయొనైజ్ పొట్లం, ఓ చిన్న గిన్నెలో నిన్నటి కొబ్బరి పచ్చడి, ఆ వెనక కరివేపాకు పొడి. ఇవన్నీ ఒకే చలిలో, ఒకే ధైర్యంతో ఉంటాయి. "ఫ్రిజ్‌లోనే ఉందిగా, ఏమీ కాదు" అన్నదే ఆ ధైర్యం.

ఆ ధైర్యం మీద నాకు నమ్మకం లేదు. ఫ్రిజ్ మంచి యంత్రమే, దాన్ని కాదనను. కాని మూత తీసిన సీసాకు అసలు కాపలా సీసా లోపలే ఉండాలి. ఉప్పు, పులుపు, పంచదార, పొడితనం - ఇవీ ఆ కాపలావాళ్ళు. ఫ్రిజ్ వాళ్ళకు సాయంగా వచ్చే రెండో మనిషి. మొదటి కాపలాని మెల్లమెల్లగా తీసేసి, ఈ రెండో మనిషినొక్కణ్ణే నిలబెట్టి మనం నిద్రపోతున్నాం. నా అభ్యంతరమల్లా అక్కడే.

ముందు మూత సంగతి చూద్దాం. మూత బిగించి ఉన్నంతకాలం సాస్ సీసా కిరాణా కొట్టులో నెలల తరబడి ఏ ఫ్రిజ్జూ లేకుండా నిలిచే ఉంటుంది. మూత తీసింది మొదలు దాన్ని చల్లగా ఉంచమంటారు. ఎందుకని? ఫ్రాన్సు దేశంలో నికొలా అపేర్ అనే ఆయన మిఠాయిలు తయారుచేసేవాడు. ఆహారాన్ని గాజుసీసాల్లో నింపి, బిరడా బిగించి, సీసాతో సహా వేడినీళ్ళలో ఉడికిస్తే అది చాలాకాలం చెడిపోదని ఆయన కనిపెట్టాడు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. చిత్రమేమిటంటే, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తోందో అపేర్‌కే తెలియదు! అది తెలియడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. లూయీ పాశ్చర్ హంస మెడలాగా వంపు తిరిగిన గొట్టం ఉన్న సీసాల్లో పోషకద్రవాన్ని మరిగించి ఉంచాడు. గాలి లోపలికి పోతూనే ఉంది. గాలిలోని ధూళి మాత్రం వంపులో చిక్కుకుపోయింది. ద్రవం చెడలేదు. మెడ విరగ్గొట్టగానే ధూళితో పాటు సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళాయి, కొద్దిరోజులకే ద్రవం చెడిపోయింది.

మీరు సాస్ సీసా మూత తిప్పిన ప్రతిసారీ చేసే పని అదే. పాశ్చర్ సీసా మెడ విరగ్గొడుతున్నారు. ఆ తరవాత అన్నం తిన్న చేత్తో ముట్టుకున్న చెంచా, తడి చెంచా, పెరుగు అంటిన చెంచా - ఇవన్నీ ధూళికంటే పెద్ద అతిథుల్నే లోపలికి తీసుకువెళతాయి.

లోపలికి వెళ్ళిన సూక్ష్మజీవి ఏం చేస్తుంది? వెచ్చదనం, తడి, తిండి మూడూ సమకూడితే కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతాయి. కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒక్క బాక్టీరియా గంటలో 8 అవుతుంది. ఆరు గంటలకు 2,62,144 అవుతుంది. చలి ఈ వేగాన్ని తగ్గిస్తుంది. 5 డిగ్రీల సెంటిగ్రేడుకు లోపల చాలా రకాల బాక్టీరియాలు దాదాపు ఆగిపోతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెడిపోయే ఆహారాన్ని 5 డిగ్రీలకు లోపల ఉంచమని చెబుతుంది. కాని ఆగిపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. ఫ్రిజ్‌లోంచి బయటికి తీసి బల్లమీద పెట్టగానే అవి వదిలిన చోటి నుంచి లెక్క మళ్ళీ మొదలుపెడతాయి. పైగా లిస్టీరియా అనే బాక్టీరియాకు ఈ చలి ఒక లెక్కలోది కాదు. అది ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. బూజులకూ అంతే. ఫ్రిజ్‌లో పెట్టిన నిమ్మకాయ మీద ఆకుపచ్చ బూజు మీరు చూసే ఉంటారు.

ఇక లోపలి కాపలా. దీనికి మన ఆవకాయని మించిన పాఠం నాకు కనబడదు. ఫ్రిజ్ అనే మాటే వినని కాలం నుంచీ మన ఊళ్ళలో ఆవకాయ జాడీ వంటింటి మూల ఏడాది పొడుగునా నిలిచింది. కోస్తా వేసవి ఉక్కలో కూడా నిలిచింది. అందులో ఏముంది? పచ్చి మామిడికాయలో సిట్రిక్, మాలిక్ ఆమ్లాలున్నాయి. ఉప్పు దండిగా ఉంది. ఉప్పు తగలగానే ముక్కల్లోంచి నీరు బయటికి వస్తుంది. మూడోనాడు తిరగకలిపేటప్పుడు జాడీలో కనిపించే ఊట అదే. మీ పాఠాల్లో ద్రవాభిసరణం అని చదువుకున్నారు కదా, ఆ పనే ఇది. మామిడి ముక్కలోంచి నీటిని లాగిన ఉప్పే అక్కడికి వచ్చిన బాక్టీరియా కణంలోంచి కూడా నీటిని లాగేస్తుంది. జాడీ నిండా తడి ఉన్నట్టే ఉంటుంది గాని, ఆ తడి సూక్ష్మజీవికి దక్కదు. పైన ఆవపిండి ఘాటు. ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడు పుట్టే ఆ ఘాటు పదార్థానికి సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉంది. ఆ పైన నూనె. అది గాలి తగలనివ్వదు కనక, గాలి కావలసిన బూజు పైకి రాదు.

మీ అమ్మమ్మగారు ముక్కల్ని పొడిగుడ్డతో తుడవకుండా ఉప్పులో వెయ్యనివ్వరు. జాడీని ఎండలో ఆరబెడతారు. వాసెన గట్టిగా కడతారు. తడి చెయ్యి పెడితే కేకలేస్తారు. ఇది చాదస్తం అనుకునేవారున్నారు. నేను దీన్ని ప్రయోగశాల క్రమశిక్షణ అంటాను. జాడీలో పడ్డ నాలుగు నీటిబొట్లు ఆ చోట ఉప్పును పలచన చేస్తాయి. కాపలా అక్కడ సడలుతుంది. బూజు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడేం జరుగుతోంది? ఉప్పు ఎక్కువ తినకూడదని డాక్టర్లు చెబుతున్నారు. అది నిజమే, పెద్దవాళ్ళకు రోజుకి 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. దాంతో కొందరు ఊరగాయలోనే ఉప్పూ నూనే సగానికి తగ్గించేసి, మిగతా పద్ధతంతా పాతదే ఉంచుతున్నారు. ఊరగాయలో ఉప్పు రుచికోసం మాత్రమే వేసింది అయితే ఇది బాగానే ఉండేది. ఉప్పునీటిలో నిలవచేసే ఊరగాయల్లో ఉప్పునే ముఖ్యమైన రక్షణగా వాడితే అది 12 శాతానికి తగ్గకూడదని మన దేశపు ఆహార నిబంధనలున్నాయి. ఊరికే పెట్టిన అంకె కాదది. నా అభిప్రాయం అడిగితే, ఊరగాయ తక్కువ తినండి, తినేదాన్ని సరైన ఉప్పుతో పెట్టుకోండి. తక్కువ ఉప్పుతోనే కావాలంటే అది ఊరగాయ కాదని, పచ్చడి అని ఒప్పుకుని, కొంచెమే చేసి, మొదటి రోజు నుంచే ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా ముగించండి.

ఆవకాయలో నూనె కాపాడింది కదా అని నూనె ఎక్కడైనా కాపాడుతుందనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. దీనికో నిజమైన కథ ఉంది. కెనడాలోని వాంకూవర్ నగరంలో 1985లో ఒక హోటల్లో భోజనం చేసిన 36 మందికి బొటులిజం అనే జబ్బు చేసింది. కంటిరెప్పలు వాలిపోవడం, చూపు రెండుగా కనపడడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు కూడా చచ్చుబడడం దీని లక్షణాలు. ఆ జబ్బేమిటో మొదట డాక్టర్లు పోల్చుకోలేకపోయారు. చివరికి కారణం దొరికింది. తరిగిన వెల్లుల్లిని సోయా నూనెలో వేసి అమ్మే సీసా! చల్లగా ఉంచమని సీసా మీద రాసే ఉంది. హోటల్లో దాన్ని బయట పెట్టారు.

ఇలా ఎందుకైంది? క్లాస్ట్రిడియం బొటులినం అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. దాని సిద్ధబీజాలు మట్టిలో పెరిగే వెల్లుల్లికి అంటుకుని వస్తాయి. మామూలుగా మరిగించినా అవి చావవు. ఈ బాక్టీరియాకు గాలి అంటే గిట్టదు. నూనె గాలిని ఆపేసి దానికి కావలసిన ఇల్లు కట్టిపెట్టింది. వెల్లుల్లిలో పులుపు లేదు, ఉప్పు వెయ్యలేదు. పి.హెచ్. 4.6 కంటే తక్కువగా ఉంటే, అంటే తగినంత పులుపుంటే, ఈ బాక్టీరియా మొలకెత్తదు. వెల్లుల్లి ఆవకాయలో అదే వెల్లుల్లి, అదే నూనె ఉన్నా ప్రమాదం లేకపోవడానికి కారణం మామిడి పులుపూ, ఉప్పూ. ఈ విషం చేరిన ఆహారం వాసనలో, రుచిలో ఏ తేడా లేకుండా ఉండవచ్చు. "వాసన చూశాం, బాగానే ఉంది" అన్న పరీక్ష ఇక్కడ పనికిరాదు.

అమెరికాలో కూడా ఇలాంటి కేసులు బయటపడ్డాక, 1989లో అక్కడి ఆహార ఔషధ పాలనా సంస్థ ఒక నిర్ణయం తీసుకుంది. నూనెలో వేసిన వెల్లుల్లిని కాపాడటానికి చలి ఒక్కటీ చాలదు, తయారీదారులు అందులో ఆమ్లం కలిపి తీరాలి అంది. నేను ఇందాకటి నుంచి చెబుతున్న మాట ఇదే. సీసా మీద "చల్లగా ఉంచండి" అని రాయడం కాపలా పెట్టినట్టు కాదు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు. మరిచిపోయినా మనిషి బతకాలి.

మన ఇళ్ళలో ఈ కథకు దగ్గరి చుట్టం అల్లంవెల్లుల్లి ముద్ద. పాడుకాకుండా ఉంటుందని దానిమీద నూనె పోసి నెలరోజులు ఉంచే ఇళ్ళున్నాయి. కొన్న ముద్దలో మామూలుగా ఆమ్లం, ఉప్పు కలిపి ఉంటాయి. దాన్ని మూత తీశాక సీసామీద రాసినట్టు ఉంచితే చాలు. ఇంట్లో రుబ్బిన దాంట్లో ఆ కొలతలు ఉండవు. ఓ చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మరసం వేశాం కనక భయం లేదనుకోవద్దు. ఆ పులుపు చాలినంతో కాదో నాలుకకు తెలియదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులకు మించి ఉంచకండి. ఎక్కువ రుబ్బితే ఐసు గడ్డల పళ్ళెంలో చిన్నచిన్న బిళ్ళలుగా పోసి ఫ్రీజరులో పెట్టమని మీ అమ్మగారితో చెప్పండి. గడ్డకట్టిన చోట ఏ బాక్టీరియా పెరగదు. కూరకొక బిళ్ళ చొప్పున తీసుకోవచ్చు.

మిగతావాటి సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. టొమాటో సాస్‌లో వినెగర్ పులుపు, పంచదార, ఉప్పు ఉంటాయి. చాలావాటిలో సోడియం బెంజొయేట్ కూడా ఉంటుంది. అది పులుపున్న చోటే బాగా పనిచేసే రక్షకం. కాబట్టి సాస్ ఒక రాత్రి బయట ఉండిపోతే కొంప మునగదు. ఫ్రిజ్ దాని రంగునీ రుచినీ ఎక్కువకాలం నిలుపుతుంది, సీసా మూతి దగ్గర బూజు రాకుండా ఆపుతుంది. పులియబెట్టి చేసిన సోయా సాస్‌లో నూటికి పదిహేను పైచిలుకు ఉప్పే, దానికి భయమేమిటి? జామ్‌లో మూడింట రెండు వంతుల దాకా పంచదార. ఉప్పులాగే పంచదార కూడా నీటిని దక్కనివ్వదు. అందుకే "పంచదార తక్కువ" అని రాసిన జామ్‌కు మామూలు జామ్ కంటే ఫ్రిజ్ అవసరం ఎక్కువ. ఇది చాలామంది తలకిందులుగా అనుకుంటారు. తేనెకు, వినెగర్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు. చలిలో తేనె గడ్డకట్టి ఇసకలాగా అవుతుంది, అంతే.

పొడులను ఫ్రిజ్‌లో పెట్టేవారితో నాకు తగువుంది. కందిపొడి, కారప్పొడి, కరివేపాకు పొడి నిలవుండేది పొడిగా ఉన్నందుకు. చల్లటి డబ్బాని భోజనాల వేళ బయటికి తీసి మూత తెరిస్తే, మంచునీళ్ళ గ్లాసు బయట నీటిబిందువులు పట్టినట్టే ఆ పొడిమీద గాలిలోని తేమ పడుతుంది. ఆ తడి పొడినే మళ్ళీ మూతపెట్టి లోపల పెడతారు. వారం రోజులు ఇలా చేస్తే ఉన్న ఒక్క కాపలానీ మనమే పంపేసినట్టు. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా, బయటే ఉంచండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం కొబ్బరి పచ్చడి. అందులో తడి ఉంది, తిండి ఉంది, ఉప్పు రుచికి సరిపోయేంతే, పులుపు అంతంత మాత్రం. లోపల కాపలా అనేదే లేదు. చేసిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికి ముగించాలి. మయొనైజ్‌ది మరో కథ. పేరున్న కంపెనీలు వేడిచేసి శుద్ధి చేసిన గుడ్డుతో, లెక్కప్రకారం పులుపు వేసి చేస్తాయి. వీధి బండి దగ్గర పచ్చిగుడ్డు కొట్టి అప్పటికప్పుడు చేసిన దాంట్లో సాల్మొనెల్లా ఉండవచ్చు, పులుపు ఎంతో ఎవరూ కొలవరు. హైదరాబాదులో కొందరు జబ్బుపడ్డాక తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్ల మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఆ బండివాడి దగ్గర ఫ్రిజ్ ఉన్నా సాల్మొనెల్లా చచ్చేది కాదన్న సంగతి గుర్తుంచుకోండి.

పైన బూజు కనిపిస్తే ఆ కాస్తా తీసి పారేసి మిగతాది వాడుకునే అలవాటు ఒకటుంది. పొదుపు మంచిదే గాని, మీకు కనిపించేది బూజు తాలూకు పువ్వు మాత్రమే. దాని దారాలు మెత్తటి జామ్‌లో, పచ్చడిలో లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజులు విడిచే విషాలు వేడిచేసినా పోవు. ఆ గిన్నె పారెయ్యాల్సిందే.

ఇక సీసామీద రాత గురించి. "గది ఉష్ణోగ్రతలో ఉంచవచ్చు", "చల్లని పొడి ప్రదేశంలో ఉంచండి" అని ఉంటుంది. ఏ గది? ఎక్కడి గది? చాలా దేశాల్లో గది ఉష్ణోగ్రత అంటే 20, 25 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో వంటింట్లో పొయ్యి పక్కన అలమారలో ఎంత ఉంటుందో మీకు వేరే చెప్పాలా? పది డిగ్రీలు పెరిగితే చెడిపోయే రసాయనచర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. ఆ తేదీలు మన వంటింటికి సరిపోవు. పైగా "ఫలానా తేదీలోగా వాడాలి" అన్నది మూత తీయని సీసాకు. మూత తీశాక ఎన్నాళ్ళన్నది వేరే చోట, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఉంటే చాలని నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇది నాకు ఏమాత్రం నచ్చదు. సీసా ముందువైపు పెద్ద రంగుబొమ్మకు చోటుంది, ప్రకటనలకు తెలుగు పనికొస్తుంది, జాగ్రత్త చెప్పే ఒక్క వాక్యానికి మాత్రం తెలుగు పనికిరాదా? ఆ సీసాని రోజూ తెరిచే మీ నాయనమ్మగారికి అది ఎలా తెలియాలి? కంపెనీలు మారేదాకా ఆ పని మీరు చెయ్యవచ్చు. చిన్న కాగితమ్ముక్క మీద మూత తీసిన తేదీ, ఎన్నాళ్ళలో ముగించాలో తెలుగులో రాసి సీసాకి అంటించండి. అయిదు నిమిషాల పని.

చివరగా, మీ ఫ్రిజ్ నిజంగా ఎంత చల్లగా ఉందో మీకు తెలుసా? తలుపు అర అన్నిటికంటే వెచ్చని చోటు. తెరిచిన ప్రతిసారీ బయటి గాలి మొదట తగిలేది దానికే. విచిత్రంగా మనం మూత తీసిన సీసాలన్నీ అక్కడే పెడతాం. సాస్, సోయా సాస్ అక్కడుంటే ఫరవాలేదు. అల్లంవెల్లుల్లి ముద్ద, మయొనైజ్, కొబ్బరి పచ్చడి మాత్రం లోపలి అరలో వెనక్కి ఉండాలి. కొలిచి చూడాలంటే రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకటి తలుపు అరలో, ఒకటి లోపల వెనకవైపు పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే, ఎవరూ తలుపు తీయకముందే, మీ సైన్సు మాష్టారి దగ్గర అడిగి తెచ్చిన థర్మామీటరుతో చూడండి. ఎర్రటి ఆల్కహాలు ఉన్నదే తేవాలి. పాదరసం ఉన్నది పగిలిందంటే ఆహారం ఉన్న చోట పెద్ద గొడవ. జ్వరం చూసేది దీనికి పనికిరాదు, అది మొదలయ్యేదే 35 డిగ్రీల దగ్గర. మళ్ళీ అదే కొలత సాయంత్రం, వంటహడావిడి అయ్యాక తీయండి. కరెంటు పోయిన రోజున ఇంకోసారి తీయండి. తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుందంటారు కనక, ఆ కొలతకి తలుపు ఒక్కసారే తెరవాలి, కరెంటు వచ్చే ముందు. ఆ అంకెలన్నీ తలుపు మీద అంటించి, 5 దాటిన చోట ఏ సీసా ఉందో మీ ఇంట్లోవాళ్ళకు చూపించండి.